నల్ల కాగితంలో రెండు వేల కిలోమీటర్లు

పుష్పక్క చేతిలో పడిన గుడ్లన్నీ ఒకే పొద్దున పగులుతాయని కోలారు జిల్లాలో ఆవని చుట్టుపక్కల పల్లెల్లో అందరికీ నమ్మకం. ఆమె పూర్తి పేరు పుష్పావతి. పట్టుపురుగుల గుడ్లను తెచ్చి, పొదిగించి, పిల్ల పురుగులను మొదటి రెండు జ్వరాలు, అంటే మేత మాని కుబుసం విడిచే నిద్రలు, దాటేదాకా సాకి రైతులకు అందించే ఇంటిని చాకీ ఇల్లు అంటారు. ఆవనికి పోయే రోడ్డు పక్కన ఆమెకు అలాంటి ఇల్లు ఉంది. పదో తరగతితో చదువు ఆగిపోయాక నేను అక్కడ పనికి చేరాను. మల్బరీ ఆకు సన్నగా తరగడం, తట్టలు కడిగి ఎండబెట్టడం నా పని. మాట్లాడే అవసరం పెద్దగా ఉండదు కాబట్టి నాకు సరిపోయింది.

పుష్పక్క కోలారు బంగారు గనుల దగ్గర ఊరిగాంలో పుట్టింది. నాన్న తిమ్మరాయప్ప గని లోపల పని చేసినవాడు. షిఫ్టు ముగిసే వేళకు నాన్నకోసం గని దగ్గరికి పోయి నిలబడేదట. ఇనప బోను పైకి వచ్చి తలుపు తెరుచుకోగానే మనుషులందరూ ఒక్కసారిగా బయటికి వచ్చేవారట, వెలుతురుకు కళ్ళు చికిలించుకుంటూ. షిఫ్టు ఎక్కడమంటే ఆమెకు అదే. గని మూతపడిన ఏడాదే ఆమెకు జయరామన్నతో పెళ్ళయింది. వాళ్ళది రాగులు, మామిడి, నాలుగు పాడి ఆవులు, కొంచెం మల్బరీ తోట ఉన్న ఇల్లు. అత్త చిక్కమ్మ పట్టుపురుగులు పెంచేది. గుడ్లు ఒక రోజు కొన్ని, మరునాడు కొన్ని పగిలేవి. ఒకే తట్టలో కొన్ని పురుగులు మేస్తుంటే కొన్ని జ్వరంలో పడి కదలకుండా ఉండేవి. ఆకు వేస్తే నిద్రపోయేవి ఆకు కింద నలిగేవి, వేయకపోతే మేసేవి ఎండిపోయేవి. కొత్త కోడలు అదంతా రెండు పంటలు చూసింది. మూడో పంటకు కోలారులో శిక్షణ ఇస్తున్నారని తెలిసి అత్తను వెంటబెట్టుకుని పోయి నేర్చుకుని వచ్చింది.

ఆమె నేర్చుకున్నది చెప్పడానికి చిన్నదే. పగలడానికి రెండు రోజుల ముందు గుడ్డు మీద సూదిమొనంత నల్ల చుక్క కనిపిస్తుంది. అప్పుడు గుడ్ల కాగితాలను నల్ల కాగితంలో చుట్టి, వెలుతురు చుక్క కూడా దూరకుండా పెట్టెలో పెట్టాలి. చీకట్లో తొందరపడేవి ఆగుతాయి, వెనకబడినవి అందుకుంటాయి. అనుకున్న రోజు తెల్లవారుతుండగా విప్పితే వెలుతురు తగిలి అన్నీ కలిసి బయటికి వస్తాయి. ఈ పద్ధతి అందరికీ తెలుసు. కానీ ఏ వేళ చుట్టాలి, ఏ వేళ విప్పాలి అన్న చోట పుష్పక్కకు తడబాటు లేదు. విప్పే పొద్దున ఆమె ఎప్పుడూ ఒకే మాట అంటుంది: "షిఫ్టు ఎక్కించేద్దాం రాండి."

పోయిన ఆగస్టులో పట్టుపరిశ్రమ శాఖ నుంచి రఘునందన్ సారు వచ్చాడు. మిజోరంలో, ఐజాల్ అవతల కొండ మీది పల్లెలో ఆడవాళ్ళు కలిసి మల్బరీ నాటారట. ఇక్కడి నుంచి గుడ్లు పార్సిల్‌లో పంపితే అవి నాలుగు రోజులపాటు కొన్ని కొన్నిగా పగిలాయట. పంట మొత్తం పోయింది. ఇంకొక్కసారి చూస్తామని, ఈసారీ పోతే మల్బరీ పీకేసి అల్లం వేసుకుంటామని వాళ్ళు చెప్పారట.

"ఎవరైనా పోయి వాళ్ళకి నల్లకాగితం పద్ధతి చూపించాలమ్మా" అన్నాడు సారు. "గుడ్లు ముందే పంపించేస్తాం. మీరు తరువాత పోతే చాలు."

"గుడ్లు ఒక దోవలో, నేను ఒక దోవలోనా? అది అయ్యే పని కాదు సార్" అంది పుష్పక్క. "చుక్క పడినంక చుట్టి, నా వొళ్ళో పెట్టుకొని పోతాను. ఆడ విప్పేది కూడా నేనే. ఒక్క పొద్దున అన్నీ లేయకపోతే ఇంగ నన్ను చాకీ పుష్ప అని పిలవొద్దండి."

చుక్క పడ్డ గుడ్లతో అంత దూరం పోవడం కత్తిమీద నడకేనని సారుకు తెలుసు. "ఆలస్యమైతే దారిలోనే పగులుతాయమ్మా" అన్నాడు.

"అయితే ఆలస్యం కాకూడదు, అంతే."

ఆ సాయంత్రం ఇంటి అరుగు మీద పుష్పక్క నన్ను పిలిచింది. "ఏమే నేత్రా, ఆ ఊరు ఎంత దూరం ఉండాదో నీ ఫోన్లో చూడు."

చూశాను. బెంగళూరు విమానాశ్రయానికీ ఐజాల్ విమానాశ్రయానికీ మధ్య ఒక వంపు గీత వచ్చింది. "రెండు వేల కిలోమీటర్లంట అక్కా. విమానంలో మూడు గంటలంట."

ఆవులకు గడ్డి వేస్తున్న జయరామన్న గట్టిగా నవ్వాడు. "మూడు గంటలా! కోలారు ఆసుపత్రికి పోయి చీటీ రాయించుకొనేదానికే మనకు పొద్దుగూకతాది. నేనూ వస్తానుండు, మధ్యాన్నం పాలు పిండే టైముకి వచ్చేద్దాం."

"ఎవురికి మూడు గంటలు?" అంది పుష్పక్క. "విమానానికి. గుడ్డుకి కాదు. గుడ్డు మన గడప దాటినప్పట్నుంచి ఆ ఊరి ఆకు మీద పడేవరకు ఎంత సేపు? అది చెప్పమను నీ ఫోనుని."

ఫోను అది చెప్పలేదు. ఆ గీత మీద నేరుగా పోయే విమానమే లేదు. కలకత్తాలో దిగి, కూర్చుని, ఇంకో విమానం ఎక్కాలి. దిగినాక మిజోరంలోకి పోవడానికి అనుమతి తీసుకోవాలి. తరువాత కొండ దారిలో జీపు. నేను ఒక్కొక్కటీ చెబుతుంటే పుష్పక్క వేళ్ళు ముడుచుకుంటూ వచ్చింది. చివరికి, "తెల్లార్తో బయల్దేరితే పొద్దుగూకేటప్పటికి చేరతాం. మరునాడు తెల్లార్తో విప్పేది. సరిపోతాది" అంది. ఆ తరువాత నా వైపు తిరిగి, "నువ్వూ వస్తాండావు. నాకు హిందీ రాదు" అంది.

నాకూ వచ్చింది బడిలో నేర్చుకున్న నాలుగు ముక్కలే. చెప్పేలోపే ఆమె లేచి ఆకు కోయించడానికి పోయింది.

సెప్టెంబరులో ఒక పొద్దున బయల్దేరాం. గుడ్ల కాగితాలు నల్ల కాగితంలో, దాని మీద తడి గుడ్డ, ఆ మొత్తం గాలి ఆడే ప్లాస్టిక్ పెట్టెలో. లోపల చిన్న థర్మామీటర్ తీగ, అంకె బయట కనబడేట్టు. కారు ఎక్కేటప్పుడు సాగనంపడానికి వచ్చిన జయరామన్న, "ముళబాగిలు బస్సుకే కిటికీ సీటు లేకపోతే ఎక్కవు గదా, విమానంలో యాడ కూర్చుంటావో చూద్దాం" అన్నాడు. "కిటికీ పక్కనే" అంది పుష్పక్క తల తిప్పకుండా.

విమానాశ్రయంలో తనిఖీ దగ్గర పెట్టె యంత్రంలో నుంచి అవతలికి వచ్చింది. అక్కడున్న ఆడ పోలీసామె మూత తీయించి, తడి గుడ్డ కింద నల్ల కాగితం చూసి విప్పమంది. సారు ఇచ్చిన ఉత్తరం చూపించాను. చదివి, మంచిదే, కానీ లోపల ఏముందో నా కళ్ళతో చూడాలి అని హిందీలో అంది. నేను ఆ మాట పుష్పక్కకు చెప్పాను.

పుష్పక్క పెట్టెను రెండు చేతులతో పొట్టకు ఆనించుకుంది. పైన వరుసగా తెల్లటి లైట్లు. "ఈ వెలుతురులో విప్పితే ఈడే షిఫ్టు ఎక్కేస్తాయి. చీకటి యాడుందో చూపించమను, విప్పుతాను."

నేను నా నాలుగు ముక్కల హిందీలో చెప్పాను. ఆమెకు సగం అర్థమయ్యే ఉంటుంది. వెనక లైనులో వాళ్ళు గొణగడం మొదలుపెట్టారు. నాకు నేల చీల్చుకుని లోపలికి పోదామనిపించింది. పుష్పక్క మాత్రం చుట్టూ చూసి, ఆడవాళ్ళను తనిఖీ చేసే తెర గది వైపు గడ్డం ఎత్తి చూపించింది. పోలీసామెను చెయ్యి పట్టుకుని ఇంట్లో చుట్టాన్ని తీసుకుపోయినట్టు అందులోకి తీసుకుపోయింది.

తెర కింద నుంచి నాకు నాలుగు పాదాలు కనిపించాయి. "తల వంచు తల్లీ, ఇంకా కిందికి" అని పుష్పక్క గొంతు. చీర కొంగు ఇద్దరి తలల మీదా కప్పినట్టుంది. "చేత్తో తడుము. గసగసాల్లాగా లేవా? టార్చి వేస్తే మటుకు చెయ్యి కొడతాను." ఆ చివరి మాట నేను హిందీలోకి మార్చలేదు.

పోలీసామె జుట్టు చెదిరి బయటికి వచ్చింది, నవ్వుతూ. ఎంతమంది పిల్లలు అని అడిగింది.

"చెప్పు నేత్రా, లెక్కలేనంత మంది అని" అంది పుష్పక్క.

విమానంలో ఆమెకు కిటికీ పక్క సీటే దొరికింది. ఎక్కుతున్న సూర్యుడు సరిగ్గా ఆ వైపే ఉన్నాడు. పెట్టె కింద పెట్టమన్నారు కాబట్టి పాదాల మధ్య పెట్టుకుని మీద కుచ్చిళ్ళు పరిచింది. పైకి లేచాక కిటికీ తెర దించేసింది. మబ్బులు చూడలేదు, సముద్రం చూడలేదు. "తిరిగి పోయేటప్పుడు చూడొచ్చు" అని కళ్ళు మూసుకుంది. నేను పక్కనే కూర్చుని ముందు సీటు వెనక ఉన్న బొమ్మల కాగితం మూడుసార్లు చదివాను.

కలకత్తాలో దిగేసరికి అంతా లెక్క ప్రకారమే ఉంది. ఐజాల్ విమానం కోసం కూర్చున్నాం. కాసేపటికి బోర్డు మీద మా విమానం ఎదురుగా ఎర్ర అక్షరాలు వచ్చాయి. ఐజాల్ విమానాశ్రయం కొండల మీద ఉంది. ఆ కొండల మీద మబ్బు దిగిపోయిందట, ఈరోజు ఏ విమానమూ దిగలేదట. రేపు పొద్దున మొదటి విమానంలో పంపిస్తాం అన్నారు. ఒక చిన్న హోటల్లో గది ఇచ్చారు.

గదిలో ఫ్యాను తిరుగుతోంది గానీ గాలి ఉడుకుతోంది. పుష్పక్క మంచం మీద పెట్టె పెట్టి థర్మామీటర్ చూసింది. ఆమె ముఖం రంగు మారడం నేను అప్పుడే మొదటిసారి చూశాను.

"రేపు తెల్లారితే వీటి టైము" అంది మెల్లిగా. "చీకటి ఉంటే ఆగతాయి, నిజమే. ఈ ఉక్కలో చీకటి ఒక్కటే ఆపలేదు నేత్రా. ఒకటి, రెండు, పది, అట్లా లేస్తానే ఉంటాయి. ఆకు లేక ఎండిపోతాయి. ఆడికి పోయేటప్పటికి మళ్ళీ అదే కథ. పోయినసారి పార్సిల్లో వచ్చినట్టే."

నేను ఫోను తీసి ఐజాల్ మబ్బు ఎప్పుడు విడుతుందో వెతికాను. ఆమె ఆ ఫోను నా చేతిలో నుంచి తీసి పక్కన పెట్టింది.

"మబ్బుని మనం తొయ్యలేం. ఇంగ మిగిలిండేది చలవ. చలవ ఉంటే ఒకటి రెండు దినాలు నిలబడతాయి. చలి పెట్టె యాడుంటాది?"

హోటల్లో అడిగాం. వంటగదిలో ఉన్న ఫ్రిజ్‌లో చేపలు ఉన్నాయి. ఆ వాసన తగిలితే అంతే అని పుష్పక్క తలుపు దగ్గరే వెనక్కి తిరిగింది. పెట్టెను కొంగు కింద పెట్టుకుని వీధిలోకి నడిచింది. వెనకే నేను. రెండు మలుపులు తిరిగాక మిఠాయి అంగడి కనిపించింది. అద్దాల వెనక సందేశ్ బిళ్ళలు, పక్కన నిలువెత్తు చలి పెట్టెలో మట్టి ముంతల్లో పెరుగు. ముంతల పైన మూతలాగా కాగితం కట్టి ఉంది. పుష్పక్క ఆ అద్దం మీద అరచెయ్యి ఆనించి నిలబడింది. "ఇది సరిపోతాది" అంది.

అంగడాయన పెద్ద వయసువాడు, బనీను మీద కండువా. ఏం కావాలని అడిగాడు. నేను హిందీలో, ఈ పెట్టె రాత్రి మీ ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి అన్నాను. లోపలేముంది అన్నాడు. పురుగుల గుడ్లు అన్నాను.

అంతే. ఆయన రెండు చేతులూ ఎత్తి, మిఠాయి అంగట్లో పురుగులా, బయటికి పదండి అని అరిచాడు. పెరుగు కొనుక్కుంటున్న ఇద్దరు మా వైపు తిరిగారు. నేను అప్పటికే మెట్టు దిగాను.

పుష్పక్క దిగలేదు. అరుపు విని లోపలి గది నుంచి ఆయన భార్య బయటికి వచ్చింది. పూజ ముగించి వచ్చినట్టుంది, ఎర్ర అంచున్న మీగడ రంగు పట్టుచీర కట్టుకుని ఉంది. పుష్పక్క నేరుగా ఆమె దగ్గరికి పోయి, అంచును రెండు వేళ్ళ మధ్య పట్టుకుని చూపించింది. తరువాత తన పెట్టెను చూపించింది. మళ్ళీ అంచు. మళ్ళీ పెట్టె.

"ఇదీ అదీ ఒకటే తల్లీ" అంది తెలుగులోనే. "ఇది కట్టుకునేది, అది కట్టుకోబోయేది."

ఆమెకు భాష అక్కర్లేకపోయింది. చీర అంచు వైపు చూసుకుంది, పెట్టె వైపు చూసింది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. భర్తతో బెంగాలీలో ఏదో గట్టిగా అంది. ఆయన గొణిగాడు. ఆమె మళ్ళీ అంది. ఆయన పోయి పైన అరలో పెరుగు ముంతలు జరిపి చోటు చేశాడు.

పుష్పక్క థర్మామీటర్ అద్దంలో నుంచి కనబడేట్టు పెట్టింది. అంకె మెల్లగా దిగి, ఆమెకు కావాల్సిన చోట నిలబడేదాకా స్టూలు వేసుకుని కూర్చుంది. అంగడి మూసేదాకా జనం వచ్చి, పెరుగు అడిగి, ఆ పెట్టె ఏమిటని అడిగారు. ప్రతిసారీ అంగడాయనే చెప్పాడు. మొదటిసారి విసుగ్గా, మూడోసారికి తనే తెప్పించినట్టుగా. పోయేటప్పుడు మా చేత చెరో ముంత పెరుగు తినిపించాడు. "తియ్యగుండాది, వీళ్ళు మజ్జిగన్నంలోకి ఏం పోసుకుంటారో" అంది పుష్పక్క దోవలో. ఆమె గొంతు మళ్ళీ మామూలుగా ఉంది.

మరునాడు చీకటితోనే అంగడాయన తలుపు తీసి పెట్టె చేతికిచ్చాడు. కొండల మీద ఎండ కాసింది. చిన్న విమానంలో పుష్పక్క పెట్టెను పాదాల మధ్య నుంచి ఒళ్ళోకి, ఒళ్ళో నుంచి కొంగు కిందికి మార్చింది. చలిలో నుంచి తీసిన గుడ్డును ఒక్కసారిగా వేడెక్కించకూడదు. "మనిషి వొంటి వేడి చాలు, మెల్లిగా దిగతాది" అంది. విమానాశ్రయంలో మాకోసం లాల్‌రిన్‌పుయి అనే ఆవిడ ఎదురు చూస్తోంది. మల్బరీ నాటిన ఆడవాళ్ళ సంఘానికి పెద్ద ఆమే. నాకన్నా పదేళ్ళు పెద్దదై ఉంటుంది. మమ్మల్ని చూసి నవ్వింది గానీ కళ్ళు పెట్టె మీదే ఉన్నాయి. జీపులో కొండ మలుపులు తిరుగుతూ, నిన్న మీరు రాకపోయేసరికి మా వాళ్ళలో కొందరు అల్లం విత్తనం ధర అడగడానికి పోయారు అని నాకు హిందీలో చెప్పింది. పుష్పక్కకు చెప్పాను.

"రేపటిదాకా ఆగమను" అంది.

వెదురు గోడల పురుగుల ఇల్లు శుభ్రంగా ఉంది. తట్టలు కడిగి ఆరబెట్టి ఉన్నాయి. ఆకు కూడా లేతగా ఉంది. పుష్పక్క ఒక ఆకు చింపి ముక్కు దగ్గర పెట్టుకుని తల ఊపింది. గోడల సందుల్లో గుడ్డలు కుక్కించి, కిటికీకి గుడ్డ కట్టించింది. పడుకునే ముందు నాతో, మన దగ్గర పాలబండి వచ్చే వేళకు నన్ను లేపు అంది.

ఆమె చెప్పిన వేళకు ఇంకా చాలా ముందే నాకు మెలకువ వచ్చింది. ఏదో పక్షి అరుస్తోంది. తలుపు తీసి చూస్తే అవతలి కొండ అంచు అప్పటికే ఎర్రబడి ఉంది. మన దగ్గరైతే ఈ వేళకు చేతి గీతలు కూడా కనబడవు. పరుగెత్తుకుని పోయి పుష్పక్కను లేపాను.

ఆమె లేచి వాకిట్లోకి వచ్చి తూర్పు వైపు చూసింది. తరువాత నవ్వేసింది. "చూడే, రెండు వేల కిలోమీటర్లు ఇట్లొస్తే సూర్యుడు మనకన్నా ముందరే పనికొచ్చేస్తాడు. నువ్వు లేపకపోయింటే నేను కోలారు టైముకి విప్పేదాన్ని. పద పద."

ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి గోడల వెంట నిలబడ్డారు. పుష్పక్క పెట్టె మూత తీసింది. తడి గుడ్డ తీసింది. నల్ల కాగితం మడతలు ఒక్కొక్కటే విప్పింది. గుడ్లు నీలంగా, కదలకుండా ఉన్నాయి. అంచున మూడో నాలుగో పురుగులు ముందే బయటపడి వెంట్రుక ముక్కల్లా పాకుతున్నాయి. అంతే.

కిటికీ గుడ్డ తీయమని పుష్పక్క లాల్‌రిన్‌పుయికి సైగ చేసింది. వెలుతురు వచ్చి కాగితం మీద పడింది.

కాసేపు ఏమీ కాలేదు. పుష్పక్క చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. నేను నా కొంగు చివర మెలిపెడుతూ ఉండిపోయాను. మొదట కాగితం ఒక మూల మసకబారినట్టు అనిపించింది. తరువాత ఆ మసక పాకింది. చూస్తుండగానే నీలి చుక్కలన్నీ తెల్లని పెంకులై, వాటి మీద నల్లగా, సన్నగా, లక్షల ప్రాణాలు. కాగితం మొత్తం కదులుతోంది.

"షిఫ్టు ఎక్కింది" అంది పుష్పక్క.

సన్నగా తరిగిన ఆకును నేనే చల్లాను. పురుగులను ఆకు మీదికి దించడానికి వాడే ఈకను పుష్పక్క సంచిలో నుంచి తీసి లాల్‌రిన్‌పుయి చేతికిచ్చింది. ఆమె వెనక్కి జరిగింది.

"నేను కాదు, నువ్వే. చెప్పు నేత్రా ఆమెకు. పై పంటకి నేను రాను. ఈ చేతికే పని రావాల."

చెప్పాను. లాల్‌రిన్‌పుయి మొదట ఈకను కాగితం అంచున మాత్రమే ఆనించింది. రెండో కాగితానికి చెయ్యి కుదిరింది. గోడ దగ్గరున్న ఆడవాళ్ళు దగ్గరికి జరిగి వంగి చూశారు. వాళ్ళలో ఒక ముసలామె పుష్పక్క భుజం మీద చెయ్యి వేసి ఏదో అంది. లాల్‌రిన్‌పుయి నవ్వుతూ దాన్ని నాకు హిందీలో చెప్పింది: ఈ ఏడు అల్లం కొని తినేవాళ్ళమే, వేసేవాళ్ళం కాము.

మొదటి జ్వరం లేచేదాకా అక్కడే ఉన్నాం. తిరుగు ప్రయాణంలో ఐజాల్ విమానాశ్రయంలో తనిఖీ దగ్గర పెట్టెలో మడిచి పెట్టిన నల్ల కాగితం మళ్ళీ కనిపించింది. విప్పి చూపించమన్నారు. పుష్పక్క దాన్ని తీసి, రెండు చేతులతో పట్టుకుని, దుప్పటిలా దులిపి, లైట్ల కింద బారగా పరిచింది.

"చూసుకో తల్లీ" అంది. "ఎంత వెలుతురు కావాలంటే అంత వెలుతురులో చూసుకో."

విమానంలో కిటికీ తెర ఆమే ఎత్తింది. కలకత్తా దాకా కళ్ళు తిప్పలేదు.